మూసిన చేత్తోనే

వ్యాయామశాల తలుపు తెరవాలా వద్దా అన్న మాట బల్ల చుట్టూ తిరిగి తిరిగి చివరికి క్రైన్ దగ్గర ఆగింది.

బల్ల దగ్గర ఉన్నది నలుగురే. ఓస్టర్‌వార్డ్ మేయరు వెర్స్‌ఖోర్, పాలకవర్గ సభ్యులిద్దరూ క్రైన్, కోస్టర్, ఆపైన జిల్లా ఆరోగ్యశాఖ నుంచి సైకిలు మీద వచ్చిన నర్సు ఫ్రెడరీకా. కాఫీ చల్లారిపోయింది. తలా ఒకటి చొప్పున పెట్టిన బిస్కెట్లలో నర్సుది మాత్రం ముట్టుకోకుండా అలాగే ఉంది. ఆమె చెప్పాల్సింది చెప్పేసింది. ఏటికి దిగువన రెండు ఊళ్ళలో పోలియో కనబడింది. ఈ ఊళ్ళో సగానికి పైగా పిల్లలకు ఏ టీకా పడలేదు. బడి పక్కనున్న వ్యాయామశాల కొన్ని పూటలు ఇస్తే చాలు. ఎవరినీ బలవంతం చెయ్యరు. వచ్చినవాళ్ళకు పంచదార బిళ్ళ మీద చుక్కలు వేసి నోట్లో పెడతారు, అంతే.

"నా మటుకు నేను సరే అంటున్నాను. ఇందులో ఆలోచించడానికేముంది?" అన్నాడు కోస్టర్.

మేయరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేనీ ఊరికి కొత్తవాణ్ణి. చర్చికి పోయేవాళ్ళ మనసు క్రైన్ గారికి తెలిసినట్టు నాకు తెలీదు. ఆయన ఊ అంటే నేనూ ఊ. ఆయన కాదంటే ఊరి మీద రుద్దే పని నేను పెట్టుకోను."

క్రైన్ తన చేతుల్ని చూసుకున్నాడు. చెర్రీల కాలం. ఎంత తోముకున్నా గోళ్ళ సందుల్లో నలుపు వదల్లేదు.

"జబ్బు పడ్డ బిడ్డకి మందు వెయ్యండి, నేనే ఎత్తుకొచ్చి మీ చేతుల్లో పెడతాను," అన్నాడు. "ఒంట్లో బాగున్న బిడ్డకి మందేమిటి? దేవుడింకా ఎత్తని చేతిని మనం ముందే పట్టుకుని ఆపినట్టు."

"మరి ఏటికి గట్టెందుకు పోస్తున్నామయ్యా?" కోస్టర్ నవ్వాడు. "ఆ నీళ్ళూ ఆయన పంపేవేగా. పోయినేడు గట్టు ఎత్తు పెంచుదామంటే అందరికంటే ముందు చెయ్యెత్తింది నువ్వే."

"నీళ్ళు కంటికి కనబడతాయి కోస్టర్."

"రోగమూ కనబడుతోంది. ఈ అమ్మాయి ఇందాకణ్ణించీ అదేగా చెబుతోంది."

మేయరు మధ్యలోకి వచ్చాడు. "నమ్మకం అన్నది ఇంటి సంగతి కదండీ క్రైన్ గారూ. ఇది పురపాలక భవనం."

"గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచి రావడానికి అది నా కాళ్ళకి లేదు మేయరు గారూ. నాకు ఓటేసినవాళ్ళు అది చూసే వేశారు. అది లేకుండా లోపలికొస్తే, వచ్చింది నేను కాదు."

క్రైన్ రేపటిదాకా వ్యవధి అడిగి లేచాడు. బయట మెట్ల మీద నర్సు అతన్ని అందుకుంది.

"మీ చర్చివాళ్ళలో కూడా కొంతమంది పిల్లల్ని తీసుకొస్తారండీ. దగ్గర్లో ఉంటే వస్తారు. ఏరు దాటి పట్నం రమ్మంటే రారు."

"ఎవరు?"

"అది నేనెలా చెప్పను?" అని ఆమె సైకిలెక్కింది.

ఆ సాయంత్రం క్రైన్ తోటలో పొడుగు నిచ్చెన మీద ఉన్నాడు. చెర్రీని కాడతో సహా తెంపాలి. పక్కనున్న మొగ్గకు గోరు తగిలితే వచ్చే ఏడాది కాపు పోతుంది. చిన్నప్పటినుంచీ చేస్తున్న పని కాబట్టి అతని వేళ్ళు వాటంతటవే చూసుకుపోతున్నాయి. కొక్కేనికి తగిలించిన బుట్ట సగం నిండింది. చెట్ల మీదుగా లాగిన తీగలకు ఖాళీ డబ్బాలు వేలాడుతున్నాయి. గోరింకల గుంపు వాలినప్పుడల్లా గుడిసెలోంచి ఎవరో ఒకరు తాడు లాగితే తోటంతా గలగలమంటుంది. ఆ పూట ఆ తాడు అతని తమ్ముడి కూతురు నేల్చె చేతిలో ఉంది. పిట్టలున్నా లేకపోయినా లాగుతోంది.

నిచ్చెన కింద ఆ పిల్ల తల్లి యన్నెకె నిలబడి ఉంది. చంకలో చిన్నవాడు డిర్క్. పళ్ళ కోసం వచ్చానంది గాని, తెచ్చిన గిన్నె గడ్డి మీద పెట్టి దాని వంక చూడలేదు.

"బావగారూ, కాస్త దిగుతారా?"

"చెప్పమ్మా. వినబడుతోంది."

"గట్టిగా అడిగే మాట కాదు."

"ఇక్కడ పిట్టలు తప్ప ఎవరున్నారు? చెప్పు."

ఆమె గుడిసె వైపు చూసింది. డబ్బాల మోత ఆగేదాకా ఉండి, తల పైకెత్తి, ఆకుల్లో కనబడుతున్న అతని బూట్లతో మాట్లాడింది.

"వ్యాయామశాల సంగతి మీ చేతిలో ఉందని విన్నాను. ఇవ్వండి బావగారూ. నేనెలాగూ రోజూ బడికి పోతాను, నేల్చెని తీసుకురావడానికి. పక్కనే కాబట్టి ఎవరూ చూడరు. పట్నం పోవాలంటే పడవెక్కాలి. పడవ నడిపేది మన చర్చి మనిషి. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, ఆల్బర్ట్‌కీ తెలుస్తుంది."

"వాడికి తెలీకుండా చేస్తావా?"

"ఆయన ఒప్పుకోడు. మీ తమ్ముడేగా."

క్రైన్ చెయ్యి ఒక కొమ్మ దగ్గర ఆగింది. దిగుదామనే అనుకున్నాడు. ఒక కాలు కింది మెట్టు మీదికి జారింది కూడా. దిగితే ఆమె ముఖం చూడాలి. ముఖం చూసి కాదనడం కష్టమని అతనికి తెలుసు. కాలు మళ్ళీ పై మెట్టు మీదికి తీసుకున్నాడు.

"భయం వేస్తే ప్రార్థన చెయ్యి యన్నెకె. భయానికి మందు అదే. నేనూ చేస్తాను, మీ అందరి కోసం."

ఆమె చంకలోని పిల్లాణ్ణి సర్దుకుంది. తర్వాత, "అలాగేనండీ," అంది. గిన్నె ఖాళీగానే తీసుకుని పోతుంటే అతను పైనుంచి పిలిచి బుట్టలోవి పట్టుకెళ్ళమన్నాడు. ఆమెకు వినబడలేదో, వినబడనట్టు పోయిందో.

మర్నాడు పొద్దున మేయరుకు ఫోన్ చేసి కాదని చెప్పాడు. మేయరు, "మంచిది," అని పెట్టేశాడు.

తర్వాత వారంన్నరకి, చెర్రీలు ముగింపుకొస్తున్న రోజుల్లో, ఆల్బర్ట్ సైకిలు వేసుకుని తోటలోకి వచ్చాడు. దిగకుండానే ఒక కాలు నేలకానించి నిలబడ్డాడు. మనిషి గడ్డం గీసుకోలేదు.

"నేల్చెకి జ్వరమన్నయ్యా. నిన్నంతా మెడ నొప్పంది. పొద్దున మంచం దిగబోయి పడిపోయింది. కాళ్ళు..." అని ఆగి, "కాళ్ళు వినడం లేదంటోంది," అన్నాడు.

అంబులెన్సు పడవెక్కి ఏరు దాటుతుంటే గట్టు మీద జనం నిలబడి చూశారు. ఆడవాళ్ళు పిల్లల్ని కొంగు చాటుకు లాక్కున్నట్టు ఒంటికి ఆనించుకున్నారు. పడవవాడు టోపీ తీసి చేత్తో పట్టుకుని, అవతలి ఒడ్డు దాకా పెట్టుకోలేదు.

ఆసుపత్రిలో అద్దం ఇవతలే నిలబడనిచ్చారు. లోపల తెల్లటి మంచం మీద నేల్చె వెల్లకిలా పడుకుని ఉంది. దుప్పటి కింద కాళ్ళు రెండూ చక్కగా, ఎవరో సర్దిపెట్టినట్టు ఉన్నాయి. అంతసేపు కదలకుండా ఉన్న ఆ పిల్ల కాళ్ళను క్రైన్ ఎప్పుడూ చూడలేదు. అతన్ని గుర్తుపట్టి ఏదో అంది. అద్దంలోంచి వినబడలేదు. వార్డు నర్సు బయటికొచ్చి నవ్వు ముఖంతో అందించింది.

"తాడు ఇప్పుడు ఎవరు లాగుతున్నారని అడుగుతోంది, పెదనాన్నని."

అతను చెయ్యి ఊపాడు. నోటితో పెద్దగా, అద్దం మీద ఊపిరి పడేలా, "నీ కోసమే ఉంచాం," అన్నాడు. పిల్ల తల ఊపింది. ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పాడు. కాళ్ళ గురించి అడిగితే, చూద్దామన్నాడు. చూద్దామన్న మాట అతను అన్న తీరులోనే తెలిసిపోయింది.

ఆదివారం చర్చిలో నేల్చె పేరు చెప్పి ప్రార్థన చేశారు. బయటికొచ్చాక నల్ల కోట్లవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి క్రైన్ చెయ్యి పట్టుకున్నారు. "సొంత ఇంటికే వచ్చినా చలించలేదు, గట్టి మనిషివి," అన్నాడు ఒక పెద్దాయన. క్రైన్ భార్య హెండ్రిక కూడా ఆ మాట విన్నది. ఇంటికొచ్చి, టోపీ పిన్నులు ఒక్కొక్కటే తీస్తూ అంది:

"చలించలేదట. రోజూ తెల్లవారకముందే లేచి గుడిసె దగ్గర నిలబడే మనిషి మరి ఎవరో ఏమిటో."

"గోరింకలు పొద్దున్నే దిగుతాయి."

"చెట్ల మీద పళ్ళెక్కడున్నాయండీ?"

నిజమే, చెట్ల మీద పళ్ళు లేవు. గాలికి డబ్బాలు కదిలినప్పుడల్లా అతను గుడిసె వైపు తిరిగి చూస్తున్నాడు. పొడుగు నిచ్చెన ఇంకా ఆ చెట్టుకే ఆనించి ఉంది. దాన్ని తీసి కొట్టంలో పడెయ్యాలని రోజూ అనుకుంటాడు. దగ్గరికి వెళ్తాడు. కింద గడ్డి మీద నిలబడి పైకి చూస్తాడు. ఇక్కణ్ణించి చూస్తే మనిషి బూట్లు మాత్రమే కనబడతాయన్న సంగతి అతనికిప్పుడు తెలుసు. నిచ్చెన అక్కడే వదిలేసి వస్తాడు.

యన్నెకె అతనితో మాట్లాడింది సోమవారం, ఆసుపత్రి నడవాలో. బెంచీ మీద పక్కన చోటు చూపించింది. అతను ఏ మాటకైనా సిద్ధపడే వచ్చాడు. నిద్ర లేక ఆమె కళ్ళు లోపలికి పోయాయి, గొంతు మాత్రం నెమ్మదిగా ఉంది.

"మీకు దణ్ణం పెట్టుకోవాలి బావగారూ."

"ఎందుకమ్మా?"

"ఆ రోజు మీరు ఊ అని ఉంటే నేను దొంగచాటుగా పోయేదాన్ని. మొగుడికి తెలీకుండా, దేవుడికీ తెలీదనుకుని. మీరు ఆపారు. ఆపి ఉండకపోతే, తర్వాత పిల్లకి ఏం జరిగినా అది నా పాపానికి శిక్షే అనుకునేదాన్ని. అలా బతకడం నా వల్ల కాదు. ఇది శిక్ష కాదు, పరీక్ష. మీరు నిలబడ్డారు కాబట్టే నేనిప్పుడు ఆ మాట అనుకోగలుగుతున్నాను."

ఆమె అతని చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. క్రైన్ ఏదో అనబోయాడు. గొంతులోంచి గాలి వచ్చింది గాని మాట రాలేదు. ఆమె దాన్ని ఏడుపు అనుకుని చేతి మీద నిమిరింది. తిట్టి ఉంటే బాగుండేదని పడవ దిగి ఇంటికి నడుస్తున్నప్పుడు అనుకున్నాడు. ముఖాన ఉమ్మేసి ఉన్నా బాగుండేది. ఆ రెండు చేతుల చల్లదనం ఇంటిదాకా వదల్లేదు. అన్నం దగ్గర చెంచా పట్టుకుంటే చెంచాలోనూ అదే తగిలింది.

మంగళవారం మేయరు కబురు పెట్టాడు. ఈసారి గదిలో వాళ్ళిద్దరే. మేయరు తలుపు తనే వేశాడు.

"గట్టు దిగువ పొలాల్లో ఇంకో పిల్లాడికి జ్వరం. అదేనో కాదో రేపు తెలుస్తుంది. నర్సు మళ్ళీ వ్యాయామశాల అడుగుతోంది. మీకు ఇబ్బంది లేకుండా ఒక దారి చూశాను. పైనుంచి, జిల్లా వాళ్ళ చేత, తెరవమని ఆజ్ఞ రాయిస్తాను. మీరు ఊ అననక్కర్లేదు. కాదన్నారనే ఉంటుంది. మీవాళ్ళలో మీ మాటా నిలబడుతుంది, పనీ జరుగుతుంది."

క్రైన్ కిటికీలోంచి చూశాడు. ఎదురుగా బడి, దాని పక్కన పొడుగాటి వ్యాయామశాల. గోడ కట్టినప్పుడు ఇటుకల రంగు గురించి ఇదే గదిలో వాదించుకున్నారు. ఆ దారి మంచిదే. ఆ దారిన పోతే యన్నెకె చేతిలో ఉన్నది ఆమె చేతిలోనే ఉంటుంది. బావగారు చివరిదాకా నిలబడ్డారు, లోకమే ఒప్పుకోలేదు అనుకుంటుంది. అతను కూడా చర్చిలో తన బెంచీలో తను కూర్చోవచ్చు.

"వద్దండీ," అన్నాడు.

మేయరు ముఖం వాడిపోయింది. "మళ్ళీ వద్దంటారా?"

"ఆజ్ఞ వద్దంటున్నాను. తలుపు తెరవండి. నేను ఒప్పుకున్నానని రాయండి."

"మీ నమ్మకం మారిందా?"

"లేదు." క్రైన్ కిటికీ వైపు నుంచి ముఖం ఇటు తిప్పాడు. "నా ఒంటి మీదికీ, నా ఇంటి మీదికీ వస్తే ఇప్పటికీ అదే అంటాను. ఒక మనిషి వచ్చి అడిగింది. ఆమె నా దేవుణ్ణి మార్చమని అడగలేదు. తలుపు తియ్యమంది. నేను నా నమ్మకం లెక్కలో ఆమె బిడ్డని కూడా జమకట్టాను. ఆ పని చెయ్యడానికి నాకు ఓటెవరూ వెయ్యలేదు."

"ఎవరు వచ్చి అడిగారు?"

క్రైన్ తల అడ్డంగా ఊపాడు. లేవబోతూ, "రేపటిదాకా ఎవరికీ చెప్పకండి. ముందు నేను ఒకచోటికి వెళ్ళి రావాలి," అన్నాడు.

యన్నెకె వంటింట్లో ఇస్త్రీ చేస్తోంది. ఆసుపత్రికి పట్టుకెళ్ళాల్సిన నేల్చె గౌన్లు. చిన్నవాడు బల్ల కింద బట్టల పిన్నులతో ఆడుకుంటున్నాడు. ఆల్బర్ట్ ఆవుల దగ్గర ఉన్నాడంది. కాఫీ పెట్టబోతే క్రైన్ వద్దని, కూర్చోకుండా, కుర్చీ వీపు పట్టుకుని చెప్పేశాడు. ఎల్లుండి నుంచి వ్యాయామశాల తెరుస్తున్నారు. తనే ఒప్పుకున్నాడు.

ఆమె చేతిలోని ఇస్త్రీపెట్టె ఆగలేదు. గౌను చేతుల మడతలు ఒక్కొక్కటే విప్పి, కొస దాకా లాగి, తిప్పి వేసి మళ్ళీ లాగింది.

"పైవాళ్ళు చెప్పారా?"

"లేదు. నేనే."

"అంటే ఆ రోజు మీరన్నది తప్పా?"

"నేను నమ్మింది తప్పని అనడం లేదమ్మా. నువ్వు అడిగినప్పుడు నేను..."

"తప్పా, కాదా?"

కుర్చీ వీపు మీద అతని వేళ్ళు బిగుసుకున్నాయి. "నిన్ను వద్దనడం తప్పు," అన్నాడు.

ఆమె ఇస్త్రీపెట్టెను నిలబెట్టింది. గౌను మడిచింది. మడిచినదాన్ని మళ్ళీ విప్పి, అరచేత్తో నిమిరి, మళ్ళీ మడిచింది.

"మరి నేల్చె కాళ్ళు దేనికి పోయినట్టు?"

ఆమె జవాబు కోసం ఆగలేదు.

"నా దగ్గర ఒక్కటే ఉంది బావగారూ. అది మీరిచ్చిందే. రోజంతా ఆ అద్దం దగ్గర దాన్ని పట్టుకునే నిలబడుతున్నాను. దాన్ని తీసుకుపోవడానికి వచ్చారా?"

"నా నోటితో నీకు చెప్పకుండా తెరిస్తే..."

"తెరవండి. ఊరందరికీ తెరవండి. నేను మాత్రం మీరు మొదట అన్నదే నమ్ముతాను. నమ్మక తప్పదు నాకు." ఆమె ఇంకో గౌను తీసి బల్ల మీద పరిచింది. "ఇక ఈ ఇంటికి రాకండి. ఆల్బర్ట్‌కి ఏం చెప్పుకోవాలో నేను చూసుకుంటాను."

బల్ల కింద నుంచి చిన్నవాడు ఒక పిన్ను తెచ్చి క్రైన్ ప్యాంటు మడతకు తగిలించాడు. గట్టు ఎక్కేదాకా అతను దాన్ని చూసుకోలేదు.

బుధవారం సాయంత్రం పాస్టరు గారు, ఇద్దరు సంఘ పెద్దలు ఇంటికొచ్చి ముందుగదిలో కూర్చున్నారు. ఎక్కువసేపు మాట్లాడలేదు. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి కొంతకాలం రావద్దని, సంఘ పెద్దగా అతను కూర్చునే పెద్దల బెంచీ ఖాళీ చెయ్యమని చెప్పారు. ఎంతకాలమని క్రైన్ అడగలేదు. వాళ్ళు వెళ్ళాక హెండ్రిక కప్పులు తీస్తూ, "నా పక్కన కూర్చుందురుగాని. పెళ్ళయ్యాక చర్చిలో మీ పక్కన కూర్చున్నదెప్పుడు?" అంది. నవ్వించడానికే అంది.

గురువారం అతను పొద్దున్నే వ్యాయామశాలకు వెళ్ళాడు. తలుపు తెరిచింది బడి కాపలాదారే. అయినా క్రైన్ కోటు విప్పి, గోడవారన ఉన్న పొట్టి బెంచీలు ఒక్కొక్కటే లాక్కొచ్చి వరసలో వేశాడు. రబ్బరు, చెమట కలిసిన వాసన. పైన కప్పు నుంచి తాళ్ళు వేలాడుతుంటే పిల్లలు పట్టుకోకుండా వాటిని గోడకు కట్టేశాడు. ఫ్రెడరీకా బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పంచదార బిళ్ళల పెట్టె విప్పింది.

మొదట చాలాసేపు ఎవరూ రాలేదు. తర్వాత ఈ చర్చికి రాని రైలు కాలనీవాళ్ళు వచ్చారు, కోస్టర్ కూతురు కవలల్ని తోసుకుంటూ వచ్చింది. వాళ్ళు ఎలాగూ వస్తారు. ఎండ ముదిరాక వెనక దారిన, బడి సైకిళ్ళ షెడ్డు పక్క నుంచి, తలకు ముదురు రంగు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు రావడం మొదలుపెట్టారు. పడవవాడి భార్య వచ్చింది. నిన్న ఇంటికొచ్చిన సంఘ పెద్దల్లో ఒకాయన కోడలు వచ్చింది. క్రైన్‌ను చూసి తలుపులోనే ఆగిపోయి, అతను తల తిప్పుకుని బెంచీ సర్దుతున్నట్టు నటించాక లోపలికి అడుగుపెట్టింది. అతనికి ఈ ముఖాలన్నీ తెలుసు. ఈ ముఖాల వెనక ఈ కోరిక ఉందన్నది మాత్రం ఒక్కరి విషయంలోనూ తెలియదు. చర్చికి పోయేవాళ్ళ మనసు క్రైన్ గారికి తెలిసినట్టు అని మేయరు ఆ రోజు అన్న మాట గుర్తొచ్చి, ముఖం చెవుల దాకా వేడెక్కింది.

కాస్త తెరిపి దొరికినప్పుడు ఫ్రెడరీకా అతని ముందు ఒక పంచదార బిళ్ళ పట్టుకుంది. "మీరూ వేసుకోండి. పెద్దవాళ్ళకీ ఇస్తున్నాం."

"నాకొద్దమ్మా."

"ఇంకా?"

"ఇంకా," అన్నాడు. ఆమె చిరాకుపడుతుందనుకున్నాడు. ఆమె బిళ్ళను పెట్టెలో వేసి, "అలాగైతే కాఫీ అయినా తాగండి," అంది.

మధ్యాహ్నం దాటాక ఆల్బర్ట్ వచ్చాడు. భుజం మీద డిర్క్. అన్నను చూసి ఆగలేదు, నేరుగా బల్ల దగ్గరికి పోయి పిల్లాడి నోరు తెరిపించాడు. చుక్కలు వేయించి, పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చి క్రైన్ పక్కన నిలబడ్డాడు. వాడు బిళ్ళను దవడకు పెట్టుకుని చప్పరిస్తున్నాడు.

"యన్నెకెకి తెలీదు," అన్నాడు ఆల్బర్ట్. "ఆసుపత్రికి పోయింది. తనకి ఇది ఇష్టం ఉండదన్నయ్యా. చెప్పకు."

క్రైన్‌కు వెంటనే అర్థం కాలేదు. "ఆమె నీతో ఎప్పుడూ అనలేదా?"

"ఏమని? నేనూ అనలేదు. అసలు జూన్‌లోనే, ఏటి దిగువన వచ్చిందని విన్నప్పుడే, పట్నం తీసుకుపోదామనుకున్నాను. నేల్చెని సైకిలు మీద కూచోబెట్టుకుని రేవుదాకా వెళ్ళాను కూడా."

"మరి?"

"పడవలో మన చర్చివాళ్ళున్నారు. నీ చెవిన పడుతుందనిపించింది." ఆల్బర్ట్ ఆ మాట కోపంగా అనలేదు, వాన పడిందని చెప్పినట్టు చెప్పాడు. "నాన్న పోయాక ఏదైనా నిన్నడక్కుండా చేశానా? పైగా నువ్వు పాలకవర్గంలో ఉండి కాదంటే, నీ సొంత తమ్ముడు అటు పోయాడంటే నీ పరువేమవుతుంది? రేవు దగ్గర దానికి ఐస్‌క్రీం కొనిపెట్టి వెనక్కి తీసుకొచ్చేశాను."

క్రైన్ పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాడు. పిల్లల కోసం చేసిన బెంచీ, మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. ఆడవాళ్ళు ఇద్దరు అటు చూసి చూపు తిప్పుకున్నారు. చెప్పకపోతే వీళ్ళిద్దరూ ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద, ఒకరికి తెలీకుండా ఒకరు దీన్నే మోస్తూ ముసలివాళ్ళవుతారు. చెబితే యన్నెకె దగ్గర ఉన్న ఆ ఒక్కటీ పోతుంది. అతనికి ప్రార్థన చెయ్యాలనిపించింది. చెయ్యలేదు.

"ఆల్బర్ట్, ఆమె నా దగ్గరికి వచ్చింది."

"ఎవరు?"

"యన్నెకె. చెర్రీలు కోస్తున్నప్పుడు. ఈ తలుపు తెరవమని అడగడానికి. పిల్లల్ని తీసుకొద్దామని. నువ్వు ఒప్పుకోవని భయపడింది."

ఆల్బర్ట్ పిల్లాణ్ణి ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

"నువ్వేమన్నావు?"

"ప్రార్థన చెయ్యమన్నాను."

"కూచోబెట్టి చెప్పావా?"

"లేదు. నిచ్చెన మీదినుంచే."

ఆల్బర్ట్ తల ఊపాడు. మళ్ళీ ఊపాడు. జేబులోంచి రుమాలు తీసి పిల్లాడి వేళ్ళకంటిన పంచదార జిగురు ఒక్కొక్క వేలే తుడిచాడు. వేళ్ళ సందుల్లో కూడా, ఇంకే పనీ లేనట్టు. తుడవడం అయ్యాక ఆ రుమాలు ఏం చెయ్యాలో తెలియనట్టు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"తనకి చెప్పు," అన్నాడు క్రైన్. "నువ్వు రేవుదాకా వెళ్ళిన సంగతి ముందు చెప్పు. నా సంగతి తర్వాత ఇద్దరూ కలిసి ఏమైనా అనుకోండి."

తమ్ముడు రుమాలు జేబులో కుక్కుకుని తలుపు వైపు కదిలాడు. తలుపు దగ్గర ఎదురుగా ఒకావిడ పిల్లబండి తోసుకొస్తుంటే ఆగి, ఆమె లోపలికి వచ్చేదాకా తలుపు పట్టుకున్నాడు. ఆ తర్వాత బయటికి పోయాడు. కిటికీలోంచి క్రైన్ చూస్తూనే ఉన్నాడు. ఆల్బర్ట్ డిర్క్‌ను సైకిలు ముందు కూర్చోబెట్టాడు గాని తను ఎక్కలేదు. హ్యాండిలు పట్టుకుని నడిపించుకుంటూ, ఇంటివైపు తిరగకుండా, ఆసుపత్రికి పోయే పడవ రేవు వైపు గట్టెక్కాడు.

పిల్లబండి ఆవిడ కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. పెద్దల బెంచీ వెనక వరసలో కూర్చునే కుటుంబం. మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, ఎటు పోవాలో తెలియక గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఇక్కడేనాండీ?" అంది, దాదాపు వినబడకుండా.

క్రైన్ బెంచీ మీంచి లేచాడు. మోకాళ్ళు పట్టేశాయి. ఆమె దగ్గరిదాకా నడిచి వెళ్ళి, ఆమె ముఖం చూస్తూ, బండి కొస ఒక చేత్తో పట్టుకున్నాడు.

"ఇక్కడేనమ్మా," అన్నాడు. "లోపలికి రా."